ఎలుకసారు చెవి

మండలాఫీసులో అర్జీలు వినే ఉద్యోగం ఎలుకది. మనుషులకన్నా ఎలుకకే బాగా వినిపిస్తుందని పైవాళ్లు ఎప్పుడో తేల్చారు కాబట్టి అందులో వింతేమీ లేదు. ప్రతి సోమవారం ఎలుకసారు బల్లమీద కూర్చుంటారు, జనం వచ్చి గోడు చెప్పుకుంటారు. సారు మీసం కదిలితే విన్నట్టు. కదలకపోతే అలాంటి సంగతే లేనట్టు.

సైదమ్మ గోడు ఎండిపోయిన బోరుబావి గురించి. ఇంటి పక్కనే ఉంది, మూత లేదు. నాలుగేళ్ల మనవరాలు మల్లిక దాని చుట్టూనే ఆడుతుంది.

"జర మూత పెట్టియ్యుండ్రి సారూ, మీ కాల్మొక్త" అంది సైదమ్మ.

మీసం కదల్లేదు. మరుసటి సోమవారమూ అంతే. ఆమె వెనకాల నిలబడ్డ ఇసుక కాంట్రాక్టరు ఊరికే దగ్గాడో లేదో, టక్కున కదిలింది!

పశువుల డాక్టరును పిలిపించారు. ఆయన సారును పరీక్షించి నిట్టూర్చాడు. "వయసైంది, ఏం చేస్తం? లోపలి చెవిల నత్తగుల్ల తీరుగ ఒకటుంటది. దాంట్ల సన్నటి వెంట్రుకలు. కీచుగొంతులు పట్టేటియి ముందుగాల రాలిపోతయి, మళ్ల మొలవయి. బొంగురు గొంతులైతే ఇంకొన్నాళ్లు ఇనపడతయి."

ఇంకో ఎలుకను వేద్దామంటే రూలు ఒప్పుకోదు. రిటైర్మెంటు అరవై ఏళ్లకు, సారు వయసింకా రెండేళ్లే. పాపం, ఆయన తప్పు మాత్రం ఏముంది? ఆడవాళ్ల పెదాలు కదులుతుంటే కళ్లనిండా నీళ్లతో చూస్తూ ఉండేవారు. కన్నీళ్లు విన్నట్టు లెక్కలోకి రావు. చివరికి తహసీల్దారు భూమయ్య, అర్జీదారులే గొంతు లావు చేసుకోవాలని ఉత్తర్వు వేశాడు. ఆడవాళ్లకు ఉచితంగా శిక్షణ కూడా పెట్టించాడు.

సైదమ్మ శ్రద్ధగా నేర్చుకుంది. తీరా ఆమె గొంతు లావయ్యేసరికి సారు చెవిలో ఇంకొన్ని వెంట్రుకలు రాలాయి. ఇంకా లావు చేసింది, ఆ గొంతు పట్టేవీ రాలాయి. "ఈయన చెవిల పడేదాంక నేను బతుకుతనా!" అని ఒకరోజు ఆఫీసు మెట్లమీదే ఏడ్చింది. ఆ తర్వాత సోమవారాలు వెళ్లడం మానేసింది.

ఇప్పుడు పొద్దున్నే మల్లికను ముందు కూర్చోబెట్టుకుంటోంది.

"బోరుబావిల పడితే సన్నగ ఏడ్వకు బిడ్డా, ఎవ్వలకి ఇనపడదు. బొంగురుగ ఏడువు. ఏదీ, ఒక్కసారి ఏడ్చి చూపియ్యి."

మల్లిక గడ్డం ఛాతీకి ఆనించి, మగవాడిలా ఏడ్చి చూపించింది. గోడ అవతలి నుంచి చూసిన పొరుగావిడ శభాష్ అంది. రేపటినుంచి తన కూతుర్నీ పంపిస్తానంది.