తాక్ గారి వంశపు కంచు బాకు

తమ వంశంలో తరతరాలుగా వస్తున్న రెండువేల ఐదువందల ఏళ్లనాటి కంచు బాకును కొరియా జాతికి అంకితం చేస్తున్నట్టు పార్లమెంటు సభ్యులు తాక్ గ్యుహాన్ గారు ప్రకటించారు. ఎన్నికలు ఇరవై రోజుల్లో ఉన్నాయన్న సంగతి వారికి గుర్తే లేదు. మా జిల్లా మ్యూజియంలో వస్తువుల పక్కన పెట్టే చీటీలు రాసేవాణ్ణి కనుక, ఆ త్యాగాన్ని దగ్గర్నుంచి చూసే భాగ్యం నాకు దక్కింది.

మర్నాడే బోంగ్నే అవ్వ మ్యూజియానికొచ్చింది.

"అది నా వెల్లుల్లి చేలో దొరికింది నాయనా! ఎవరికి చెప్పాలో తెలీక, ఆ రోజే సంచిలో వేసుకెళ్లి ఆయన ఆఫీసులో ఇచ్చొచ్చా. ఇప్పుడు వాళ్ల తాతదంటాడేంటి?"

తాక్ గారికి ఫోన్ చేశాను. "పాపం, పెద్దావిడ. మతిమరుపు," అని జాలిపడ్డారు. జాలిపడటంలో వారిది పెద్ద చెయ్యి.

మా డైరెక్టర్ మాత్రం మొండిమనిషి. "ఎవరి చేతిలోంచి ఎవరి చేతికొచ్చిందో కాగితం కావాలండీ," అని తాక్ గారితో అన్నారు.

"వంశపు వస్తువుకి కాగితమేంటయ్యా?"

"లేకపోతే తీసుకోమండీ."

వారంలో, తాక్ గారి తాత బాకు కొన్నప్పటిదంటూ పాత రసీదు ఒకటి వచ్చింది. పాతవస్తువుల వ్యాపారి ప్యో పుట్టించాడు. కాగితం ఆ కాలందే, సిరా ఆ కాలందే.

అంకితోత్సవం రోజున వేదిక మీద వారి తాతగారి నిలువెత్తు ఫొటో, కింద 'జపాన్ ఏలుబడిలో కొరియావాళ్ల పేర్లన్నీ మార్పించినా, ప్రాణం పోయినా జపాన్ పేరు పెట్టుకోని వీరుడు తాక్ సంగ్నాక్' అన్న అక్షరాలు. అవ్వ వెనక వరసలో కూర్చుంది. డైరెక్టర్ రసీదు పైకి చదివారు.

"1942. కొన్నవారు తోకుయామా. పాత పేరు తాక్ సంగ్నాక్."

హాలంతా ఆ ఫొటో వైపు చూసింది. తాక్ గారు ప్యో వైపు చూశారు.

"ఆ ఏడు కొరియా పేరుతో రాస్తే ఎవరు నమ్ముతారండీ?" అన్నాడు ప్యో, వారి చెవిలో. "అందరికీ జపాన్ పేర్లేగా! చరిత్ర పుస్తకం చూసి మరీ రాశా."

తాక్ గారు మైకు లాక్కున్నారు. "ఇది దొంగ రసీదు! మా తాత మీద ప్రత్యర్థుల కుట్ర! అసలు ఈ బాకు మాది కానే కాదు. బోంగ్నే అవ్వ చేలో దొరికింది. ఇన్నాళ్లూ నేను ప్రాణంలా కాపాడానంతే!"

చప్పట్లు మోగాయి. అవ్వ కళ్లు తుడుచుకుంది. నేనూ చప్పట్లు కొట్టాను, అబద్ధమెందుకు.

"ఎవరి నుంచి కాపాడారండీ?" అని ఒక విలేకరి అడిగాడు.

తాక్ గారి చెయ్యి మెల్లిగా వెనక వరస వైపు లేచింది.

భూమిలో దొరికిన పురావస్తువు సంగతి ఏడు రోజుల్లో ప్రభుత్వానికి చెప్పాలని చట్టం. అవ్వకి దొరికి నాలుగు నెలలైంది.

"ఆ రోజే ఇచ్చా కదయ్యా నీ ఆఫీసులో!" అంది అవ్వ.

పోలీసు కారు వచ్చింది. ఆవిడ ఎక్కడానికి తాక్ గారే స్వయంగా తలుపు తీసి పట్టుకున్నారు.