చైత్ర టీచర్‌కు కప్పిన శాలువా

చైత్ర టీచర్ ఒక్కరోజు ప్రయాణానికి బ్యాగు సర్దుకుంటోంది. ఎవరు బ్యాగు సర్దుకున్నా ఇక తిరిగి రారేమోనని నాకు భయం. పక్కనే కూర్చుని రెండో చీర తీసి బయట పెట్టాను.

"ఆంటీ, జిప్ అయినా వేసుకోనివ్వండి," అంది.

రాష్ట్ర విద్యామంత్రిగారు చారిత్రక ప్రకటన చేయబోతున్నారు: వయోజన విద్యే ప్రాంతీయాభివృద్ధికి ఇంజను, ఇకపై ఏ ఊరివాళ్ళు ఆ ఊళ్ళోనే చదువుకుని, అక్కడే సంపాదించుకుంటారు. పల్లెల గురించిన ప్రకటన గనుక దాన్ని సిడ్నీ మహానగరంలోని పారమట్టాలో, పదో అంతస్తులో పెట్టారు. ఆదర్శ తరగతిగా మాదే ఎంపికైంది.

సిడ్నీకి ఆరుగంటల దూరంలో, గోధుమ చేల మధ్య ఉంది మా ఊరు. లైబ్రరీ వెనకగదిలో చైత్ర మాకు ఇంగ్లీషు, కంప్యూటరు, ఫుడ్ సేఫ్టీ నేర్పుతుంది. ఆ ఫుడ్ సేఫ్టీ పరీక్ష పాసైతే మా శేషుకుమారి మూతపడ్డ బేకరీలో టిఫిన్ సెంటర్ పెడుతుంది. లేకపోతే మెల్‌బోర్న్ పక్కన టార్నీట్‌లో చెల్లెలి పంచన చేరాల్సిందే.

అందరం డాక్టర్ హేమచంద్రగారి వ్యానులో వెళ్ళాం. ఆయన మా తెలుగు సంఘం అధ్యక్షులు. శాలువా లేకుండా ఇల్లు కదలరు.

"మీరేం నేర్చుకున్నారు?" అని మంత్రిగారు శేషుకుమారిని ఆప్యాయంగా అడిగారు.

"చేతులు కడుక్కోవడం సార్."

"స్కిల్స్ అప్‌గ్రేడ్," అన్నారు మంత్రిగారు. ఆఫీసరు రాసుకున్నాడు.

తర్వాత హేమచంద్రగారు చైత్రకు శాలువా కప్పి, ఇంగ్లీషులోనే అన్నారు: "ఇంతటి మేధావి మా చిన్న ఊళ్ళో ఉండాల్సిన మనిషి కాదు. మహానగరంలో ఉండాలి."

మా సభల్లో ఎవరికి శాలువా కప్పినా ఈ మాట అనడం మర్యాద. నిరుడు పోస్ట్‌మన్‌కీ అన్నాం. ఆయన ఇప్పటికీ మా ఉత్తరాలే పంచుతున్నాడు. మంత్రిగారికి మన మర్యాదలు తెలియవు.

"కమ్యూనిటీయే కోరుతోంది," అన్నారు ఆయన గంభీరంగా.

భోజనాల వేళకు చైత్ర ప్రాంతీయ వయోజన విద్యకు డైరెక్టర్ అయింది. ఆఫీసు పారమట్టాలోనే, ఎనిమిదో అంతస్తు.

"ఇదేంటి డాక్టరుగారూ, పొగడమంటే పంపించేశారు?" అంది శేషుకుమారి.

"కప్పిన శాలువా లాక్కోలేం కదమ్మా."

"ఇక్కడ సెట్ చేసేసి వచ్చేస్తా అక్కా. నీ పరీక్షకి ఉంటాగా," అంది చైత్ర, కొత్త ఐడీ కార్డు మెడలో వేసుకుంటూ.

డైరెక్టర్‌గారి తొలి సంస్కరణగా మా తరగతి ఆన్‌లైన్ అయింది. లింకు ఈమెయిల్‌కు వస్తుందన్నారు. ఈమెయిల్ తెరవడం మాకు తర్వాతి పాఠం. హేమచంద్రగారు హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే, సమస్యను ఈమెయిల్‌లో వివరించమన్నారు.

తరగతికి ఎవరూ హాజరు కావడంలేదు గనుక మా ఊళ్ళో వయోజన విద్య సంపూర్ణమైందని మంత్రిగారు ప్రకటించారు. లైబ్రరీ వెనకగదికి తాళం వేశారు. సంఘం తరఫున మేం మంత్రిగారికీ ఒక శాలువా పంపించాం.

చైత్ర టీచర్ మార్చిలో వెళ్ళింది. తిరిగి రాలేదు. శేషుకుమారి జులైలో టార్నీట్ వెళ్ళింది. ఆవిడా రాలేదు.