బాయిలరు బూడిద, మేనేజరు కారు

ఆ ఉదయం అత్తగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. చక్కెర ఫ్యాక్టరీలో బాయిలరు ఆపరేటరైన అల్లుడు రెండు బస్తాల బూడిద పంపుతాడు. ఆమె దాన్ని ఫ్యాక్టరీ క్వార్టర్ల వెనక ఖాళీ స్థలంలో కలిపి టమాటా నారు వేస్తుంది. అంతే.

తొందర ఎందుకంటే, ఆ స్థలంలో కార్ల షెడ్డు వేయిస్తానని మేనేజరు ప్రకటించాడు. "గడ్డి కూడా సరిగా మొలవని నేల. కాయ కాయించి చూపిస్తే వదిలేస్తాను" అని నోరు జారాడు. అత్తగారు ఆ మాటను కొంగున ముడేసుకుని, కుళ్లిన ఆకులెరువు తెచ్చి ముందే నేలలో వేసింది.

చెరకు పిప్పి కాల్చిన బూడిద ఫ్యాక్టరీ గోడ వెనక గుట్టలుగా పడి ఉంటుంది. పారబోయడానికి చోటు లేదని ఏడ్చే పెద్దమనుషులే బజారు నుంచి ఎరువు కొనుక్కొచ్చి పూలకుండీల్లో పోస్తారు. ఈ తెలివి తక్కువతనం కనిపించింది అత్తగారొక్కరికే.

ఆమె అల్లుడికి ఫోన్ చేసింది. "రెండు బస్తాలు చాలు బాబూ. నేల పులిసిపోయింది. బూడిద తగిలితే ఆ పులుపు విరుగుతుంది, మొక్కకి పొటాషూ అందుతుంది."

"మీరు నోరు తెరిచి అడిగింది ఇదే మొదటిసారి అత్తయ్యా! రెండు బస్తాలు పంపితే నా పరువేం కాను?"

పరువు కోసం అల్లుడు టిప్పరు పంపాడు.

వెనక సందుకి అడ్డంగా మేనేజరు కొత్త తెల్ల కారు నిలబడి ఉంది. డ్రైవరు హారన్ కొట్టి కొట్టి విసిగిపోయి, మేనేజరు గుమ్మం ముందే లోడు దించేశాడు. సరిగ్గా అప్పుడే గాలి లేచింది. నల్లటి మబ్బు మేడ ఎత్తున లేచేసరికి, పై వాటాలోని అకౌంటెంటు "మేనేజరు గారిల్లు అంటుకుందిరోయ్!" అని గావుకేక పెట్టాడు. సైరన్ మోగింది. ఫ్యాక్టరీ ఫైరింజను దూసుకొచ్చింది.

"ఆగండయ్యా, అది చల్లారిన బూడిద!" అని అత్తగారు మొత్తుకుంది. ఆ సైరన్‌లో ఎవరికి వినబడాలి? గొట్టం విప్పి నీళ్లు కొట్టారు. బూడిద నల్లటి జావై మేనేజరు మెట్లెక్కింది, కారెక్కింది, బనీనుతో బయటికొచ్చిన మేనేజరును కూడా వదల్లేదు.

"ఎవరిదీ దరిద్రం?" అని ఆయన రంకెలేశాడు.

"మన ఫ్యాక్టరీదే సార్" అంది అత్తగారు. అందులో అబద్ధం లేదు.

"తీయండి! అందరూ తలా ఓ పార పట్టండి! వెనక ఖాళీ స్థలంలో పడేసి మట్టిలో కలిపేయండి. మళ్లీ ఒక్క నలుసు ఎగిరిందో, ఒక్కొక్కడి సంగతి చూస్తా!"

అత్తగారు కొంగు బిగించింది. "కుప్పలు పోయకండి నాయనా, పల్చగా! ఎక్కువైతే మొక్క మాడుతుంది. మిగిలింది మూలకు చేర్చి పట్టా కప్పండి. అకౌంటెంటు గారూ, పైపైన గీకితే కాదు, లోతుగా తవ్వండి."

అల్లుడు రొప్పుతూ వచ్చాడు. "అత్తయ్యా, నా ఉద్యోగం..."

"ఉద్యోగానికేం కాదు గానీ, ఆ పార అందుకో బాబూ."

ఒంటిచేత్తో అయితే నడుం విరిగే పని. ఫైరు వాళ్లనీ అకౌంటెంటునీ మట్టిలోకి దింపి మధ్యాహ్నానికల్లా ముగించింది. ఉపన్యాసాలిచ్చేవాడు వీధికొకడు దొరుకుతాడు. మేనేజరు కేకతోనే మేనేజరు షెడ్డు స్థలాన్ని దున్నించిన మనిషిని ఈమెనే చూశాం.

టమాటాలు గుత్తులు గుత్తులుగా కాశాయి. మేనేజరు వచ్చి ఒకటి కోసుకు తిన్నాడు. ఇంకోటి కోసుకు తిన్నాడు. తర్వాత పై ఆఫీసు వాళ్లను వెంటబెట్టుకొచ్చి, ఇదంతా తన ఆదేశంతోనే జరిగిందని చెప్పుకున్నాడు. అందులోనూ అబద్ధం లేదు.

మర్నాడు ఆ మడుల ముందు ఆయన సంతకంతో ఒక బోర్డు వెలిసింది: "ఇక్కడ కార్లు నిలపరాదు."