ఊళ మానిన నక్కలు

వేటగాణ్ణి నియమించాక రాళ్లపెంట పట్టణంలోని నక్కలు ఊళ వేయడం మానేసి, బిందెలు పట్టుకొని వీధి కొళాయి దగ్గర వరుసలో నిలబడటం మొదలుపెట్టాయి. జనం పెద్దగా ఆశ్చర్యపోలేదు. తోసుకోకుండా నిలబడితే చాలు, పక్కన ఎవరున్నా ఒకటే.

అంతకుముందు పాత నూనె మిల్లు వెనక కాపురముండే ఈ నక్కలు, కొళాయి ఎండినప్పుడల్లా ఊళ వేసేవి. మున్సిపల్ కమిషనరుగారికి నిద్ర పట్టేది కాదు. నీళ్లు తెప్పించడంకంటే వేటగాణ్ణి తెప్పించడం సులువని కౌన్సిలు తీర్మానించింది.

వేటగాడు ఓబన్న నియమం తప్పని మనిషి. మొదట ఊళ వేసినదాన్ని కాల్చాడు. తర్వాత పరుగెత్తినదాన్ని, ఆపైన కళ్లెత్తి చూసినదాన్ని. మిగిలిన నక్కలు నోరు మూసుకోవడం, మెల్లగా నడవడం, నేల చూడటం పిల్లలకు నేర్పుకున్నాయి. నేర్చుకోని పిల్లలు మిగల్లేదు కనుక వాటి పెంపకాన్ని ఊరంతా మెచ్చుకుంది. ఊళలు ఆగాయి కాబట్టి నీటి ఎద్దడి తీరిందని కమిషనరుగారు పైకి రాశారు. ఆయనకు శాలువా కప్పారు.

ఇక ఓబన్నకు పని లేదు. పని లేదని పోస్టు తీసేసే అలవాటు ఆ ఆఫీసుకూ లేదు. తుపాకీతో సహా కొళాయి దగ్గరే కుర్చీ వేయించారు.

మద్దమ్మ కోడలికి పురిటి స్నానం చేయించాల్సిన రోజున కూడా కొళాయి చుక్క రాల్చలేదు. మద్దమ్మ ఖాళీ బిందె నేలకేసి కొట్టి, కమిషనరు ఏడు తరాలనూ పేరుపేరునా గొంతెత్తి తలుచుకుంది. ఓబన్న కుర్చీలోంచి లేచాడు.

"ఏమప్పా, నన్ను గూడా కాలుస్తావా? నేనేమన్నా నక్కనా?"

"నక్కా మనిషా అని ఆర్డర్లో లేదు పెద్దమ్మా. అరిచేది అని ఉండాది" అన్నాడు ఓబన్న మొహమాటంగా. "నాకూ పిల్లోళ్లుండారు."

ఎవరైనా ఒక మాట సాయం వస్తారేమోనని మద్దమ్మ వరుసంతా చూసింది. మనుషులు నక్కలకంటే శ్రద్ధగా నేల చూస్తున్నారు. ఆమె సొట్టపడిన బిందె తీసుకుంది. ముందున్న ముసలి నక్క కాస్త జరిగి చోటిచ్చింది.

"బిందె మెల్లగా పెట్టు వదినా" అంది గొంతు తగ్గించి. "మా ఆయన అట్లనే పాయె."

కోడలికి ఆ పూట తడిగుడ్డతో ఒళ్లు తుడిచారు. పసిబిడ్డ ఏడుపందుకోబోతే మద్దమ్మ దాని నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. బిడ్డ తొందరగానే నేర్చుకుంది. ఇరుగుపొరుగు పెంపకాన్ని మెచ్చుకున్నారు.