ఒంటిగంట పిలుపు

ఆ ఉదయం లెక్చరరు గారు పెట్టుకున్న పని చిన్నదే. కాఫీ చల్లారేలోగా ప్రోగ్రామ్‌లో ఒక్క షరతు తీసేయాలి.

ఆయన భార్య పడుచుతనంలో పెర్ల్ అనే కంప్యూటర్ భాషలో రాసి, ఎవరైనా ఉచితంగా వాడుకోండని వదిలిన ప్రోగ్రామ్ అది. ఎన్నో దేశాల లైబ్రరీలు దానితోనే పుస్తకాలు ఇచ్చి పుచ్చుకుంటున్నాయి. ఆమె పోయాక దాని ఆలనా పాలనా ఆయనకూ, ఆమె తమ్ముడికీ వచ్చింది. తమ్ముడు దాన్ని ఈ కాలానికి తగ్గట్టు దిద్దుతున్నాడు.

అందులో ఒక్క వాక్యం మాత్రం లైబ్రరీల కోసం కాదు. ఇంట్లోని పాత కంప్యూటర్ మీద అయితేనే, మధ్యాహ్నం ఒంటిగంటకు తెర మీద కనబడేది: "వడ్డించేశాను. చల్లారకముందే లేవండి." పనిలో పడితే తిండి ధ్యాస ఉండని మనిషి కోసం ఆమె చేసిన ఏర్పాటు. ఆ కంప్యూటర్ నిన్న ప్రాణం విడిచింది. కొత్తదాని మీద ఆ మాట రావాలంటే "ఆ కంప్యూటర్ అయితేనే" అన్న షరతు తీసేస్తే సరి. తీసేశారు. ఏం మార్చారో రాయాల్సిన చోట సిగ్గుపడి, "కాస్త దుమ్ము దులిపాను" అని రాశారు.

బావగారు దులిపిన దుమ్మును తనిఖీ చేయడం మర్యాద కాదనుకుని, బావమరిది కొత్త వెర్షన్‌ను అన్ని లైబ్రరీలకూ పంపించేశాడు.

ఒంటిగంటకు కొత్త తెర మీద ఆ మాట వచ్చింది. లెక్చరరు గారు లేవలేదు. దాన్నే చూస్తూ కూర్చున్నారు. తెర కూడా కాసేపు ఆరిపోకుండా ఊరుకుంది. ఇంతలో ఫోన్ మోగింది.

"బావా, ఎవడో మన ప్రోగ్రామ్‌లో చొరబడ్డాడు. తూర్పు దేశంలో, మనకన్నా ముందే ఒంటిగంటయ్యే చోట, ఒక లైబ్రరీలో జనాన్నంతా బయటికి పంపేశారట."

"ఎందుకోయ్?"

"తెర మీద తెలుగులో ఏదో వచ్చిందట. అనువాదం చేయించుకుంటే 'అంతా సిద్ధం, చల్లబడకముందే లేచిపొండి' అని వచ్చింది. బాంబనుకున్నారు."

"పోనీలే, ఒంటిగంట దాటిపోయిందిగా."

"ఎక్కడ దాటింది? ఇంకో గంటకి పడమటి వాళ్లకి ఒంటిగంటవుతుంది."

అయింది. అక్కడి లైబ్రేరియన్ కంప్యూటర్లన్నీ కట్టేసింది. ఆ పక్క దేశంలో, చల్లారేది సర్వర్ గది కాబోలని ఏసీ ఆపారు. సర్వర్ నిజంగానే వేడెక్కి ఆగిపోయింది. బావమరిది "కంగారు పడకండి" అని అందరికీ మెయిల్ పెట్టాడు. దాంతో అప్పటిదాకా కంగారు పడనివాళ్లు కూడా పడ్డారు.

"ఆ పనికిమాలిన లైను రాసినవాడు దొరకాలి, చెబుతా," అన్నాడు మళ్లీ ఫోన్ చేసి.

"మీ అక్క రాసింది."

అవతల బావమరిది ఆ లైనును మెల్లగా పైకి చదివాడు.

"నన్నయితే 'లేవరా' అనేది," అన్నాడు. "తీసెయ్యాలి బావా, తప్పదు. మీ మెషీన్‌లో మాత్రం ఉంచుకోండి."

"నా ఒక్కడి దగ్గరే ఉంటే నిన్నటిలాగే మెషీన్‌తోపాటే పోతుందోయ్. సర్లే, నేనే తీస్తాను. నువ్వు ముట్టుకోకు."

తీశారు. ఆ వాక్యానికి అర్థమేమిటో రాసి, లైబ్రరీలన్నిటికీ క్షమాపణ చెప్పారు.

మర్నాడు, జనాన్ని బయటికి పంపిన లైబ్రరీ నుంచే మెయిల్ వచ్చింది. తమ కేటలాగు గుమాస్తా ఏనాడూ భోజనానికి లేచే మనిషి కాదనీ, అర్థం తెలిశాక నిన్న లేచాడనీ, ఇవాళ ఎందుకు పిలవలేదని అడుగుతున్నాడనీ. వెనకాలే అలాంటివి మరికొన్ని వచ్చాయి.

సాయంత్రానికల్లా బావమరిది ఆ వాక్యాన్ని, కావలసినవాళ్లు పెట్టుకునేలా, ప్రోగ్రామ్‌లోనే చేర్చేశాడు. ఇక ఎవరి కంప్యూటర్ పోయినా అది పోదు.

"అన్నీ దిద్దాను గానీ దీన్ని దిద్దలేదు బావా. అక్క రాసినట్టే ఉంచాను."

మూడోనాడు ఒంటిగంటకు ఎన్నో లైబ్రరీల్లో మనుషులు కుర్చీలు వెనక్కి జరుపుకుని లేచారు. లెక్చరరు గారు కూడా లేచి, చేతులు కడుక్కుని, వంటింట్లోకి వెళ్లారు.

పొయ్యి వెలిగించాల్సింది తానేనని అప్పుడు గుర్తొచ్చింది.