దప్పిక లేని బస్టాండు

ఆ రోజు పొద్దున దేవపాలు వేసుకున్న పథకం చాలా చిన్నది. ప్రొద్దుటూరు బస్టాండు పక్క వేపచెట్టు కింద నాలుగు కొత్త కుండలు పెట్టాలి. వచ్చేపోయేవాళ్లకు చల్లటి నీళ్లివ్వాలి. నీళ్లతోపాటు ఒక సువార్త కరపత్రం చేతిలో పెట్టాలి. పది మంది తన చేతి నీళ్లు తాగారని పాదిరి యాకోబయ్యగారు ఫారం నింపి మద్రాసుకు పంపితే, జూన్‌లో మిషను వాళ్ల టీచరు ట్రైనింగు సీటు తనకు వస్తుంది. మే నెలలో ప్రొద్దుటూరులో పది మందికి నీళ్లు తాగించడం ఒక పనా?

ప్రతి వేసవిలో మిషను వాళ్లు క్రైస్తవ విద్యార్థులను ఇట్లా ఊళ్ల మీదికి సేవకు పంపేవారు. ముందటేడు పులివెందులకు పోయిన పిల్లవాడు ఎండలో పాటలు పాడి గొంతు పోగొట్టుకొని వచ్చాడు. అందుకే ఈసారి పాటలొద్దు, నీళ్లని దేవపాలే అన్నాడు. జమ్మలమడుగులో వాళ్లమ్మ రూతమ్మ కూలికి పోయి అతన్ని ఎస్సెల్సీ దాకా లాక్కొచ్చింది. సీటు రాకపోతే ఆమె వెనకాలే అతనూ కొడవలి పట్టుకొని నడవాలి.

తెల్లవారకముందే మిషను బంగళా బావిలో నీళ్లు చేది, కావడితో నాలుగుసార్లు మోసి, ఇసుక మీద కుండలు నిలిపి, వట్టివేళ్లు వేశాడు. మైదుకూరు బస్సు దిగిన పెద్దాయన ఒకడు నేరుగా కుండల దగ్గరికే వచ్చాడు. దోసిలి పట్టబోయి ఆగాడు.

"యా వూరబ్బీ మీది?"

"జమ్మలమడుగు, పెద్దాయనా."

"పేరేంది?"

"దేవపాలు."

పెద్దాయన ఎండిన పెదవులను నాలుకతో తడుపుకున్నాడు. కుండల వంక ఒకసారి చూశాడు. "నాకు దప్పిక ల్యాలేప్పా," అని రోడ్డు దాటిపోయి, సోడా అంగట్లో నిలబడి వరసగా రెండు సోడాలు తాగాడు.

ఆ రోజు ఎవరికీ దప్పిక లేదు. కమలాపురం బస్సులో వచ్చినవాళ్లకు లేదు, మూట మోసేవాళ్లకు లేదు, రెండు మైళ్లు ఎండలో నడిచొచ్చిన ముసలమ్మకు కూడా లేదు. జట్కా నూరుల్లా ఒక్కడు వచ్చి రెండు చెంబులు తాగి, ఒక తొట్టెడు తన గుర్రానికి పట్టాడు.

"నన్ను ఒగటేసుకో, గుర్రాన్ని ఒగటేసుకో. ఇంగ ఎనిమిది మందే గదప్పా," అన్నాడు.

మూడు రోజులు అంతే. నాలుగో రోజు పాదిరిగారి భార్య సుశీలమ్మ ఒక ఉపాయం చెప్పింది. "నీళ్లు మనవే ఉండనీ నాయనా. పోసే చెయ్యి ఇంగొకరిది కావల్ల."

అట్లా దొరికిన చెయ్యి కోదండపాణిది. పెళ్లిళ్ల వంట బ్రాహ్మడు. పాతికేళ్లుంటాయి, ఎనిమిదో తరగతి చదివాడు. ఆ వైశాఖంలో మూఢం పడి పెళ్లిళ్లు ఆగిపోయాయి. దాంతో అతని ఇంటి పొయ్యి కూడా ఆగింది. రోజుకు శేరు బియ్యమిస్తామంటే ఒప్పుకున్నాడు కానీ, షరతులు పెట్టాడు.

"నేను పొద్దెక్కినంక వస్తా. అప్పటికి కుండలు నిండుండల్ల. ఎవరు నింపినారో నేను సూడను. సూస్తేనే గదరా మైల."

"మరి కరపత్రాలు, సామీ?" అన్నాడు దేవపాలు.

"చేత్తో ఇస్తా. విప్పను, చదవను. ఇస్తే పాపం ల్యా, చదివితేనే."

తాగడానికి మాత్రం ఇంటికి పోయి తన చెంబుతో తాగి వచ్చేవాడు.

ఒక్క పూటలో ఊరికంతా దప్పిక పుట్టింది. సామి చేతి నీళ్లు అమృతమన్నారు. సోడా అంగడివాడు కూడా వచ్చి తాగిపోయాడు. దేవపాలు చెట్టు వెనక్కి పోయి కరపత్రాలు మడిచే పనిలో పడ్డాడు. దప్పిక లేదన్న ముసలమ్మ మూడు దోసిళ్లు తాగి, మూతి తుడుచుకొని, "ఓ అబ్బీ, ఇంత అవతలకు జరుగు. కుండల మీద నీ నీడ పడతాంది," అన్నది. కావడి కాయలు కాసిన భుజం తడుముకుంటూ దేవపాలు జరిగాడు.

"నోరు తెరిచి చెప్పప్పా, ఆ నీళ్లు నువ్వు మోసినవేనని," అన్నాడు నూరుల్లా.

"చెప్తే మళ్లా దప్పిక పోతాది మామా."

నెల చివర మద్రాసు నుంచి మిషను కార్యదర్శి ప్రభుదాసుగారు తనిఖీకి వచ్చారు. కోస్తా మనిషి, మెడలో కెమెరా. వేపచెట్టు దగ్గర గుంపును చూసి సంతోషించారు. గుంపు సందులోంచి కోదండపాణిని చూసి అట్లాగే నిలబడిపోయారు. పిలక, జందెం, ఒక చేతిలో చెంబు, ఇంకో చేతిలో కరపత్రం, తల వెనక సిలువ గీసిన బోర్డు.

"యాకోబుగారూ! ఈయన ప్రభువును ఎప్పుడు తెలుసుకున్నారండీ?"

యాకోబయ్యగారు నోరు తెరిచి మూశారు. ఇరవై ఏళ్ల ఊడిగంలో మద్రాసు వాళ్ల ముఖంలో అంత వెలుగు ఆయన చూడలేదు. ప్రభుదాసుగారు దేవపాలు భుజం మీద చెయ్యి వేశారు.

"నీ చేతి పనేనా బాబూ ఇది?"

దేవపాలు తల ఊగింది. నిలువుగా ఊగిందో అడ్డంగా ఊగిందో అతనికే తెలియదు. ప్రభుదాసుగారికి మాత్రం నిలువుగానే కనిపించింది.

"దీనికి ఫలితం ఉంటుంది. సీటు సంగతి నేను చూసుకుంటాగా!" అని ఆయన ఫొటో తీశారు. జీవితంలో అదే మొదటి ఫొటో కాబట్టి కోదండపాణి ముఖం తుడుచుకొని నిలబడ్డాడు.

పది రోజులకు మద్రాసు నుంచి కొత్త కాగితాల కట్ట నేరుగా చలివేంద్రానికే వచ్చింది. దేవపాలు అప్పుడు పగిలిన కుండకు మారుకుండ తేవడానికి పోయాడు. కోదండపాణి తాడు కోసి, తన నియమం ప్రకారం చూపు పక్కకు తిప్పుకొని, నీళ్లు తాగిన ప్రతి మనిషి చేతిలో ఒక మడత పెట్టాడు. ఎండ నడినెత్తికి రాకముందే నలభై పంచాడు. జమ్మలమడుగు బస్సులో కూర్చున్న ఒకడు విసురుకోవడానికని దాన్ని విప్పాడు. కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"సామీ, ఈ బొమ్మలో ఉండేది నువ్వే గదా? ప్రొద్దుటూరు బ్రాహ్మణుడు ప్రభువు చెంత చేరెనని అచ్చేసినారే!"

బస్టాండంతా మడతలు విప్పింది. తాగుతున్నవాడు నోట్లో నీళ్లు ఉమ్మేశాడు. ఒకడు స్నానానికని పరుగెత్తాడు. ముసలమ్మ కూలబడి గొంతులో వేలు పెట్టుకుంది. కోదండపాణి అన్న రామచంద్రయ్య పూజ మధ్యలో లేచి, చెప్పులు లేకుండా, కాలే నేల మీద ఎగురుకుంటూ వచ్చాడు.

"ఒరేయ్, మా గడప తొక్కొద్దు. నీ చెంబు వీధిలో పడేసినా!"

"అన్నా, నేను దాంట్లో ఒగ అక్షరం గూడా చదవల్యా!"

"చదవకుండానే వాళ్లలో కలిసినావా? ఇంగా సిగ్గుచేటు!"

మరునాడు నాలుగు కుండలూ నిండుగా ఉన్నాయి. ఎవరికీ దప్పిక లేదు.

నాలుగు రోజులకు మూఢం వెళ్లింది. బజారులో మేళాలు మొదలయ్యాయి. ఒక్క పెళ్లింటివాడు కూడా కోదండపాణిని పిలవలేదు. అతను వేపచెట్టు కిందే పడుకొని, ఎక్కడ బాజా మోగితే అటు చెవి పెట్టి, "సాంబారుకు పోపేసే యాళ," అనేవాడు.

"నేను పొయ్యి చెప్తా సామీ. అదంతా అబద్ధమని మీ అన్నకు చెప్తా," అన్నాడు దేవపాలు.

"నువ్వు చెప్పనీకి మా వీధిలోకి ఎవరు రానిస్తారురా?"

అన్నాళ్లూ ఏటి చెలమలో దోసిలితో తాగొచ్చేవాడు కానీ, ఆ మధ్యాహ్నం నేల పెనంలా ఉంది. సొంత చెంబు లేదు, పోవడానికి ఇల్లు లేదు. కోదండపాణి కుండల వంక చాలాసేపు చూసి, లేచొచ్చి దోసిలి పట్టాడు. "పొయ్యరా."

తనకు ఊరు ఎట్లా పోసేదో, దేవపాలుకు ఆ పద్ధతి ఒక్కటే తెలుసు. చెంబు భుజం కంటే పైకెత్తి పోశాడు.

"అంత ఎత్తు నుంచేందిరా, మొగమంతా తడుస్తాంది. ఆ చెంబే ఇట్లియ్యి." లాక్కొని గటగటా తాగేశాడు.

దేవపాలు కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఎట్లుండాయి సామీ?"

"నీళ్లట్లే ఉండాయి."

అప్పుడే యాకోబయ్యగారు ఉత్తరం పట్టుకొని వచ్చారు. చదవలేక చదివారు. ఈ జిల్లాకు ఉన్న ఒక్క సీటును, లోకాన్ని విడిచి వచ్చిన సహోదరుడు కోదండపాణికి సంతోషంతో ఇస్తున్నామని, దేవపాలు వచ్చే ఏడు మళ్లీ ప్రయత్నించవచ్చునని ప్రభుదాసుగారు రాశారు.

దేవపాలు ఆయన ముందుకు పోయాడు. "అయ్యగారూ, అది అబద్ధమని రాయండి!"

"ఇన్నాళ్లు ఏమి చేస్తాంటిరని అడుగుతారు నాయనా. నువ్వు తలూపితివి, నేను నోరు మూసుకుంటిని."

కోదండపాణి ఉత్తరం తీసుకున్నాడు. ఈసారి విప్పాడు, పూర్తిగా చదివాడు. "ఆడ కూడు పెడతారా అయ్యగారూ?"

"మూడు పూట్లా."

"వంటోడు బ్రాహ్మడేనా?"

నూరుల్లా పగలబడి నవ్వితే గుర్రం చెవులు విదిలించింది. కోదండపాణి నవ్వలేదు. దేవపాలు వైపు తిరిగాడు.

"ఇది నీ సీటంట గదరా."

"అవు సామీ."

"నా పెండ్లిండ్లూ నావే గదా, అవీ పాయె."

జూన్ చివర్లో కోదండపాణికి మిషను వాళ్లిచ్చిన పెట్టెను దేవపాలే నెత్తిన పెట్టుకొని బస్సు దాకా మోశాడు. కోదండపాణి అలవాటు కొద్దీ నాలుగడుగులు ఎడంగా నడిచాడు. సగం దారిలో గుర్తుకొచ్చి దగ్గరికి జరిగాడు.

ఆ సాయంత్రం యాకోబయ్యగారు ఫారం నింపారు. విద్యార్థి దేవపాలు చేతి నీళ్లు తాగినవారు: ఇద్దరు. గుర్రానికి ఆ ఫారంలో గడి లేదు.