రాజమ్మను ఎదగనివ్వకండి!

సంఘంలో మామూలు విశ్వాసులు ఒక్కొక్కరే మాయమైపోవడం చాలా మంచి పరిణామం! కంగారుపడకండి, ఎవరూ చర్చి మానలేదు. అందరూ లీడర్లయిపోయారు.

మాది కృష్ణానగర్‌లో, షూటింగు లైట్లు అద్దెకిచ్చే షాపు పైన ఉన్న చిన్న సంఘం. ఆదివారానికి నూట పన్నెండు మందిమి వస్తాం. అందులో నూట పదకొండు మందిమి లీడర్లం. కుర్చీల లీడరు, మైకు లీడరు, మైకు స్టాండు లీడరు. ఈ ఇద్దరికీ మాటల్లేవు. లిఫ్టే లేని బిల్డింగుకి లిఫ్టు లీడరు కూడా ఉన్నాడు. రేపెప్పుడో లిఫ్టు పెడితే అప్పటికప్పుడు ఎవర్ని వెతుక్కుంటాం చెప్పండి?

నన్ను ప్రార్థనాంశాల లీడర్ని చేశారు. సంఘం మొత్తంలో ప్రార్థనాంశాలు ఎక్కువున్నది నాకే మరి! మెట్లు కూలితే? కింద షాపులో లైట్లు పేలితే? మా అమ్మాయి భువన హెల్మెట్ బకిల్ పెట్టుకుందా, ఊరికే నెత్తిన బోర్లించుకుని పోయిందా? ఎనిమిదో తరగతితో చదువాగిన ఈ సుబ్బులు మెడలో బ్యాడ్జి వేలాడుతుందని ఎవరైనా అనుకున్నారా?

హాల్లో గోడకి ‘ఆత్మీయ ఎదుగుదల’ అని పెద్ద ఫ్లెక్సీ ఉంది. అట్టడుగున విత్తనం, దాని పైన మొలక, మొక్క, చెట్టు. లీడర్‌షిప్ క్లాసుకి ఒక శనివారం వస్తే మన ఫోటో ఒక మెట్టు ఎక్కుతుంది. మూడు శనివారాల్లో నేను చెట్టునైపోయాను! ఏ ఎరువు వేస్తే ఇంత త్వరగా పెరుగుతామండీ?

విత్తనం దగ్గర మిగిలిన ఒకే ఒక్క ఫోటో రాజమ్మది. పెద్దావిడ. బోరబండ నుంచి వస్తుంది, గుమ్మం దగ్గర అందరి చెప్పులూ జతలు కలిపి సర్దుతుంది. ఒక్క క్లాసులోనూ కూర్చోలేదు. క్లాసు జరుగుతున్నంతసేపూ మేం తాగిన టీ గ్లాసులు కడుగుతూనే ఉంది. అలాంటి మనిషి ఎలా ఎదుగుతుంది?

ఆఖరి శనివారం పాదాలు కడిగే ప్రాక్టికల్ పెట్టారు. ఆర్ట్ డిపార్ట్‌మెంట్ బ్రదర్ ఒకాయన ఇత్తడి పళ్ళెం తెచ్చాడు. లైటింగ్ పెట్టారు. కడగడానికి అందరం లేచాం. కడిగించుకోవడానికే ఎవరూ లేరు! చివరికి రాజమ్మని కూర్చోబెట్టి, ఆమె పాదాలు పదకొండు టేకులు కడిగాం. నా టేకు ఓకే అయింది. తర్వాత నేలంతా నీళ్ళయితే తుడిచింది రాజమ్మే అనుకోండి. అది వీడియోలో లేదు.

ఇంత ఎదిగిన సంఘం మీకుంటే ఎంత ధైర్యంగా ఉంటుందో ఆలోచించండి. నాకు పోయిన నెలలో తెలిసింది.

సీరియల్స్‌లో కాస్ట్యూమ్ అసిస్టెంటుగా పనిచేసే మా భువనకి డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్లు ఇరవై ఎనిమిది వేలకి పడిపోయాయి. మావారు లైట్‌మాన్, ఔట్‌డోర్‌లో ఉన్నారు. ఆసుపత్రిలో నేనొక్కదాన్నే. నర్సు నవ్వితే ఏదో దాస్తోందని భయం, నవ్వకపోతే ఇంకా భయం. సంఘం గ్రూపులో పెట్టాను: ‘ఎవరైనా ఒక్కరు వచ్చి నా పక్కన కూర్చోండి.’

పావుగంటలో తొంభై ఆరు నమస్కారం బొమ్మలు! ఇంకెవరికైనా ఇంత రెస్పాన్స్ వస్తుందా?

పరామర్శ లీడరు సాయిశ్రీనివాస్ బ్రదర్ ఫోన్ కూడా చేశాడు. ఆయన సినిమాలకి జూనియర్ ఆర్టిస్టులని సప్లై చేస్తాడు.

“సిస్టర్, టెన్షన్ పడకండి. నేను మణికొండ షూటింగ్‌లో ఇరుక్కున్నా. ఆరుగుర్ని పంపిస్తున్నా.”

నిజంగానే ఆరుగురొచ్చారు. అందరూ తెల్లచీరలే. మంచం చుట్టూ నిలబడి తలలు వంచారు. అందులో ఒకామె నా చెవి దగ్గరికొచ్చి అడిగింది, “అక్కా, ఏడుపుందా? ఉత్త ప్రార్థనేనా?”

అప్పుడే మా పిల్ల కళ్ళు తెరిచింది. చుట్టూ చూసి నా చెయ్యి పట్టుకుంది. “అమ్మా, నేను పోయానా?”

లేదు తల్లీ అంటూ పిల్లని గట్టిగా పట్టుకున్నాను. వాళ్ళు మాత్రం ఫోటో తీసుకుని, కంటిన్యుటీ తప్పకుండా వరసలో బయటికెళ్ళారు. సాయంత్రానికి గ్రూపులో ఆ ఫోటో: ‘పరామర్శ దిగ్విజయం.’

మర్నాడు మధ్యాహ్నం రాజమ్మ వచ్చింది. ఆమె ఫోనులో గ్రూపులుండవు. ఆదివారం మా జత చెప్పులు కనబడలేదని వెతుక్కుంటూ వచ్చిందట. సంచిలోంచి బాక్సు తీసింది.

“నువ్వు తిన్నవా, సుబ్బమ్మా?”

“గుర్తు లేదు.”

“గట్లంటే ఎట్ల? పిల్లకు డాక్టర్లున్నరు. నీకెవరున్నరు? జర తిను.”

నేను తింటుంటే ఆమె భువన కాళ్ళ దగ్గర కూర్చుని మెల్లగా పిసికింది. “ఫికర్ చేయకు బిడ్డా” అని అంది, అంతే. నాలుగు రోజులు అలాగే వచ్చింది. ఒక్క ఫోటో కూడా లేదు. పరిచర్య చేసిందని ఎలా నమ్మడం?

పిల్ల ఇంటికొచ్చాక, ఆదివారం సాక్ష్యంలో ఇదంతా చెప్పాను. నా నోరే నా కొంప ముంచింది. పాస్టరు అయ్యగారు పొంగిపోయి రాజమ్మని స్టేజీ మీదికి పిలిచారు. “ఈరోజు నుంచి రాజమ్మ సిస్టర్ పాదరక్షల విభాగం లీడర్!” బ్యాడ్జి తీశారు. ఫ్లెక్సీ మీద ఆమె ఫోటో పైకి పోతోంది.

హాలు మధ్యలో లేచి అరిచేశాను.

“అయ్యగారూ, మీకు దణ్ణం పెడతాను, ఆమెని ఎదగనివ్వకండి!”

అసూయ అనుకున్నారు అందరూ. అనుకోనీండి.

రాజమ్మ బ్యాడ్జిని అటూ ఇటూ తిప్పి చూసింది. “మరి చెప్పులెవరు సర్దాలె అయ్యగారూ?”

“మీ కింద నలుగురు పనిచేస్తారమ్మా.”

“ఎవరు?”

అయ్యగారు హాలంతా చూశారు. నూట పదకొండు బ్యాడ్జిలు. ఎవరూ కదల్లేదు.

నేను బ్యాడ్జి తీసి మైకు స్టాండుకి తగిలించి, గుమ్మం దగ్గరికెళ్ళి చెప్పుల ముందు కూర్చున్నాను. నా ఫోటో చెట్టు మీంచి విత్తనంలోకి దించేశారు. వినయం అని పొగడకండి. భువన ప్లేట్‌లెట్లు ఇంకా తొంభై వేలే. రేపు మళ్ళీ పడిపోతే, రాజమ్మ మా చెప్పులు వెతుక్కోవాలి కదా! ఆ పని ఆమె మర్చిపోకుండా పక్కనే ఉండి చూసుకుంటున్నాను.

నిన్న ఒక జత తక్కువొచ్చింది. మైకు స్టాండు లీడరుది. ఎక్కడుంటాడో కనుక్కోవాలి.